ఫ్రాన్సు రాజు, మామిడికాయ తొక్కు

మొన్న మా మేనకోడలు రవళి ఏదో పని మీద కోరుట్లకు వచ్చి, పోతూ పోతూ మా ఇంటి ముందు స్కూటీ ఆపి నా చేతిలో ఒక సీసా పెట్టింది. మామిడికాయ తొక్కు. పచ్చడిని మా వైపు తొక్కు అంటాం, అలా అనకపోతే దానికి రుచి రాదని మా నమ్మకం. "కొత్తది మామా, మూడు దినాలు ఊరనియ్యి, అప్పుడు తిను" అంది. నేను మూత తిప్పి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఆవపిండి, అల్లం వెల్లుల్లి, పచ్చి నూనె. ఆ వాసనకు ఎవరికైనా అమ్మ గుర్తుకు రావాలి. నాకు ఫ్రాన్సు రాజు గుర్తుకొచ్చాడు. నా బుర్రలో సామాన్లు సర్దినవాడెవడో గానీ తొందరలో సర్దాడు, ఏ డబ్బా తెరిస్తే ఏది బయటపడుతుందో నాకే తెలియదు.

ఈ రెంటికీ సంబంధం చెప్పాలంటే ఖతార్ దాకా పోవాలి. మా ఊళ్లో ఇప్పటికీ నేను దుబాయ్ పోయి వచ్చిన మనిషినే. ఖతార్ అని సరిదిద్దితే, "ఆఁ గదే, ఖతార్ దుబాయ్" అంటారు. అప్పటికి నాకు మీసం వచ్చింది గానీ బుద్ధి రాలేదు. బడిని ఏడో తరగతిలో వదిలేశాను. వదిలేశాననడం నా మర్యాద కోసం. నిజానికి బడీ నేనూ ఒకరినొకరు చూసి విసిగిపోయి, గొడవ లేకుండా విడిపోయాం. అల్ తుమామాలో స్టేడియం లేస్తోంది, దాని చుట్టూ రోడ్లు పడుతున్నాయి. ఆ రోడ్ల అంచున రాళ్లు పేర్చే పని మాది. ప్రపంచమంతా వచ్చి చూడబోయే ఆటకు నేను చేసిన సాయం ఏమిటంటే, కార్లు పేవ్‌మెంట్ ఎక్కకుండా చూడటం.

క్యాంపు అల్ వక్రా దాటాక ఉండేది. రూములో మంచం మీద మంచం, ప్రతి మంచానికి పాత చీరతోనో లుంగీతోనో ఒక పరదా. ఆ పరదా లోపలిది ఎవడి ఊరు వాడిది. బయట మాత్రం అందరి సాక్సుల వాసనా ఒకటే. వంట బారీల మీద నడిచేది, అంటే వారానికోసారి ఒక్కొక్కడి వంతు. ఎవడి బారీ అయితే వాడు డ్యూటీ నుంచి రాగానే బూట్లు విప్పి ఉల్లిగడ్డలు కోయాలి. నా బారీ నాడు పప్పు, ఎందుకంటే నాకు వచ్చింది అదొక్కటే. గంగారాం బావ బారీ నాడు మాత్రం నోరు మూసుకుని తినేవాళ్లం. ఆయన చింతపులుసు పెడితే పక్క రూముల నేపాలీలు కూడా ప్లేట్లు పట్టుకుని నిలబడేవారు.

గంగారాం బావ మా రూములో పెద్దవాడు. ఆయన భార్య మా ఊరి ఆడపిల్ల, నాకు వరుసకు అక్క. అందుకని ఆయన్ని ఆటపట్టించే హక్కు నాకు పుట్టుకతోనే ఉంది. ఎన్ని అన్నా బావ మాత్రం మాట్లాడేవాడు కాదు. డ్యూటీ బట్టలు మడిచి పరుపు కింద పెట్టి, దాని మీదే పడుకుని ఇస్త్రీ చేసేవాడు. స్నానం చేసి కొబ్బరినూనె రాసుకుని, దువ్వుకోవడానికి జుట్టు లేకపోయినా దువ్వుకునేవాడు. శుక్రవారం సెలవు. ఆ రోజు అన్నం తిన్నాక ఇంటికి ఫోన్ చేసేవాడు. ఒక్కతే బిడ్డ, రవళి, తొమ్మిదో తరగతి. తిన్నవా అంటే తిన్న, బడికి పోయినవా అంటే పోయిన, అమ్మ ఏం చేస్తున్నది అంటే బీడీలు. ఆ తర్వాత ఇద్దరూ ఊరుకునేవారు. డబ్బులిచ్చి మరీ సముద్రం మీదుగా మౌనం పంపుకునే తండ్రీకూతుళ్లను నేను వాళ్లనే చూశాను.

ఒక శుక్రవారం ఆ పిల్లే మాట మొదలుపెట్టింది. స్పీకర్ పెట్టి ఉంది కనుక అందరం విన్నాం. "బాపూ, నేను బడి మానేస్త. అమ్మతోని బీడీలు చేస్త. సోషల్ నా తలకెక్కుతలేదు. గా ఫ్రాన్సోళ్లు వాళ్ల రాజు మీదికి ఎందుకు లేస్తే నాకేంది?"

మా వైపు ఆడపిల్ల బడి మానితే ఏమవుతుందో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒళ్లోకి చాట వస్తుంది, చాటలోకి తునికాకు వస్తుంది, ఇక లేవడం ఉండదు. వాళ్లమ్మ అట్లానే కూర్చుంది, ఆమె అమ్మా అట్లానే కూర్చుంది. బావ ఎడారికి వచ్చిందే ఆ చాట మూడో ఒళ్లోకి రాకూడదని. ఫోన్ ఛాతీకి ఆనించుకుని నా వైపు తిరిగాడు.

"నర్సీ, ఫ్రాన్సుల రాజు మీదికి ఎందుకు లేషిన్రు?"

"నన్నడుగుతవేంది బావా, నేనైతే లేవలే" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. ఆయన మొహం చూశాక నాకూ నవ్వు రాలేదు. ఫోన్ తీసుకుని, "రవళీ, నీ పుస్తకం ఫోటోలు తీసి పంపు. వారం దినాల్ల మేం చెప్తం" అనేశాను. అది ఏ ధైర్యంతో అన్నానో ఇప్పటికీ అర్థం కాదు. ఏడో తరగతి దాటనివాణ్ణి తొమ్మిదో తరగతికి సార్‌నైపోయాను.

ఫోటోలు వచ్చాయి, సగం తలకిందులుగా. వారమంతా మా రూములో ఫ్రాన్సే. ఉల్లిగడ్డలు కోస్తూ ఒకడు చదివేవాడు, బట్టలు పిండుతూ ఇంకొకడు తప్పులు పట్టేవాడు. ఆ రాజుది పదహారో నంబరు. అదే పేరుతో అంతకుముందు పదిహేను మంది ఉన్నారట. మనుషులకు బస్సుల మాదిరి నంబర్లేమిటో మాకు తెలియలేదు. ఆ దేశంలో జనం మూడు వరసలు. మొదటి వరస గుడి పెద్దలు, రెండో వరస దొరలు, వీళ్లకు పన్నులు లేవు. మూడో వరసలో మిగిలిన లోకమంతా, పన్నులన్నీ వాళ్లవే. ఇంతవరకు అందరికీ తేలిగ్గానే అర్థమైంది. కష్టం ఆ తర్వాత వచ్చింది. పుస్తకం ఒక కారణం చెప్పి ఊరుకోలేదు. యుద్ధాల అప్పులంది, పంటలు పోయాయంది, రొట్టెల ధర పెరిగిందంది, రాణి దుబారా అంది, రాజు చేతగానితనమంది, ఎవరో పెద్దలు పుస్తకాలు రాసి జనాన్ని లేపారంది.

శుక్రవారం నమాజు అయ్యాక ఖలీల్ భాయ్ వచ్చాడు. ఆయనది నిజామాబాద్, మా క్యాంపు బస్సు డ్రైవర్. తెల్లగడ్డం ఉండటం వల్ల ఎక్కడ కూర్చున్నా పెద్దమనిషి అయిపోయేవాడు. మేం ఆయన్ని మధ్యలో కూర్చోబెట్టి పంచాయితీ పెట్టాం. మా ఊళ్లలో తగువు పెద్దల ముందుకు పోతే నలుగురూ నాలుగు చెప్తారు, పెద్దమనుషులు అన్నీ విని చివరికి ఒక్క మాట తేలుస్తారు. మూలం ఒకటే ఉంటుంది, మిగతావి లొల్లి. మాకు తెలిసిన న్యాయం అదే. కనుక ఫ్రాన్సుకూ అదే పెట్టాం.

"రొట్టె ధర పెరిగితే రొట్టెల దుకాణపోని గల్లా పట్టుకోవాలె గని, రాజు దగ్గరికి ఎందుకు పోయిన్రు మియా?" అని ఖలీల్ భాయ్ మొదలుపెట్టాడు.

"పన్నులు భాయ్" అన్నాడు కిటికీ పక్క మంచం సాయిలు.

"పన్నులు వాళ్ల తాతల కాలం నుంచి ఉన్నయ్ కదర. తాత లేవలే, తండ్రి లేవలే, వీడెందుకు లేషిండు?"

"పుస్తకాలు చదివి లేషిన్రని రాసింది చూడు" అన్నాడు సాయిలు.

"గది మాత్రం నేను నమ్మ" అన్నాను. "పుస్తకం తెరిస్తే మనిషి పండుకుంటడు గని లేస్తడా? నేను బడి మానిందే పుస్తకాల వల్ల."

గొడవ ముదిరింది. ఒక్కో కారణాన్నీ కొట్టేసుకుంటూ వచ్చి, చివరికి చేతులెత్తించి తీర్పు చెప్పాం. రొట్టె. కడుపు కాలితేనే మనిషి లేస్తాడు, మిగతావన్నీ లొల్లి. నేనే ఫోన్‌లో ఒగ్గుకథ వరసన ఆ ముక్క చెప్పాను. ఒగ్గుకథలో పక్కన తాళం వేసేవాడిలాగా బావ నా ప్రతి మాటకీ ఆఁ, ఆఁ అన్నాడు. అటునుంచి చిన్న నవ్వు వినిపించింది. బావ ఆ నవ్వు విని, దువ్వెన తీసి లేని జుట్టు మళ్లీ దువ్వుకున్నాడు.

పరీక్ష అయ్యింది. పేపర్లు ఇచ్చిన వారం రవళి గొంతులో నవ్వు లేదు. "మామా, ఎనిమిది మార్కుల ప్రశ్న. మీరు చెప్పినట్టు రొట్టె ఒక్కటే రాసిన. ఒక్క మార్కు ఏషిండు సార్. మిగిలిన కారణాలు ఏవమ్మా అని అందరి ముంగట అడిగిండు. మా మామోళ్లు పంచాయితీల కొట్టేసిన్రు సార్ అని చెప్పాల్నా?"

నేను ఫోన్ బావ చేతికిచ్చేశాను. "ఇగ నేను పెద్ద పరీక్షలు రాయ బాపూ. ఎండకాలం వస్తే చాట పడుత" అని ఫోన్ పెట్టేసింది. ఆ పూట బావ బారీ. చింతపులుసులో ఉప్పు మరిచిపోయాడు. మేమూ ఉప్పు అడగకుండా తిన్నాం.

ఆ రోజుల్లోనే క్యాంపుకు చుట్టాల తాకిడి మొదలైంది. వరల్డ్ కప్ ఇంకా కొన్నేళ్ల దూరంలో ఉంది గానీ, పనివాళ్లు ఎట్లా ఉంటున్నారో చూడటానికి ఎవరెవరో దొరసానులు, దొరలు వస్తారని చెప్పారు. మా క్యాంప్ బాస్ చెడ్డవాడేం కాదు. పైవాడు ఊడ్వమంటే గోడలు గీకించే రకం, అంతే. ముందు మా వంటగదికి తాళం పడింది. వాసన, బొద్దింకలు, మాఫీ వంట, అంటే ఇక వంట లేదు అన్నాడు. బారీలు పోయాయి, డబ్బాల్లో అన్నం రావడం మొదలైంది. ఆ అన్నం గురించి చెడుగా చెప్పను, దానికి రుచి ఉంటే కదా చెప్పడానికి. జీతం రెండో నెల కూడా ఆలస్యమైంది. యల్లా, యల్లా, నడవండి, రేపు ఫులూస్, అంటే పైసలు అన్నారు. ఇసుక గాలి సంగతి సరేసరి, అది కంపెనీ చేతిలో లేదు. అన్నిటికీ తలలూపాం. బస్సు వస్తే ఎక్కాం, ఆపితే దిగాం.

ఒక సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చేసరికి రూములు అద్దాల్లా ఉన్నాయి. పరదాలు లేవు. మంచాల కింద ఏమీ లేదు. ఊరి నుంచి వచ్చిన ప్రతివాడి సంచిలో ఒక తొక్కు డబ్బా ఉండేది, అది మంచం కింద ఉండేది. ఆ డబ్బాలన్నీ గేటు దగ్గర నల్ల సంచుల్లో పడి ఉన్నాయి. ఒక సంచి చిరిగి ఎర్ర నూనె ఇసుకలోకి ఇంకిపోతోంది. ఆ మూల అంతా ఆవపిండి వాసన. అక్కడ నిలబడితే ఒకేసారి జగిత్యాలా, మెట్‌పల్లీ, నిర్మలూ కలిసి కనబడ్డట్టయింది.

బావ డబ్బా అందరి డబ్బాల్లాంటిది కాదు. అంతకుముందు ఎండాకాలం రవళి మొదటిసారి తన చేత్తో ముక్కలు కొట్టి కలిపిన తొక్కు అది, సెలవు మీద పోయి వచ్చినవాడి చేత పంపింది. ఫోన్‌లో మాట్లాడని పిల్ల డబ్బాలో మాట్లాడిందని ఆయన అనుకున్నాడేమో, దాన్ని మంచం కింద కూడా పెట్టలేదు, సూట్‌కేసులో బట్టల మధ్య దాచాడు. శుక్రవారం శుక్రవారం తీసి, ఒక్క ముక్క వేసుకుని, మళ్లీ మూత బిగించేవాడు. క్యాంప్ బాస్ మనుషులు ఆ సూట్‌కేసు కూడా తెరిచారు. బావ డబ్బా లేని సూట్‌కేసును చూశాడు, గేటు దాకా పోయి సంచిని చూశాడు, వచ్చి కాళ్లు కడుక్కుని పడుకున్నాడు. ఒక్క మాట అనలేదు. అంతకుముందు మాత్రం అన్నాడా ఏమిటి, కాబట్టి మేమెవరం పట్టించుకోలేదు.

తెల్లవారి బస్సులు వచ్చాయి. మా బస్సులో ఖలీల్ భాయ్ ఇంజిన్ ఆన్ చేసి కూర్చున్నాడు. వరసలో ముందున్నది గంగారాం బావే. ఒక కాలు మెట్టు మీద పెట్టాడు. పెట్టి, అట్లా కొంచెంసేపు ఉండి, ఆ కాలు మళ్లీ కిందికి తీసుకున్నాడు. తిరిగి క్యాంపు వెనక వాలీబాల్ ఆడే స్థలం వైపు నడిచి, నెట్ కింద కూర్చున్నాడు. ఆయన వెనక ఎవరో పోయారు. ఆ వెనక ఇంకెవరో. నేను ఎన్నోవాణ్నో నాకు తెలియదు. మా బస్సు చూసి పక్క బస్సు, తెలుగువాళ్లను చూసి నేపాలీలు, వాళ్లను చూసి బెంగాలీలు. ఖలీల్ భాయ్ కాసేపు హారన్ కొట్టాడు. తర్వాత ఇంజిన్ ఆపి, తాళం జేబులో వేసుకుని, వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"ఏం నడుస్తుంది మియా?"

"నాకేం ఎరుక భాయ్."

"ఎరుక లేకుంటనే కూసున్నవా?"

"నువ్వెట్ల కూసున్నవ్?"

"మా అమ్మీది నిమ్మకాయ అచార్ ఉండే" అన్నాడు గడ్డం దువ్వుకుంటూ. "గని దానికోసం కూసున్ననా అంటే, ఏమో."

అక్కడ సమ్మె తమాషా కాదు, పట్టుకుని ఇంటికి పంపేస్తారని అందరికీ తెలుసు. భయం కూడా వేసింది. భయపడుతూనే కూర్చున్నాం. పొద్దెక్కాక ఆఫీసు నుంచి పెద్దసారు వచ్చాడు. హిందీలో మెల్లగానే అడిగాడు, "ఏక్ వజహ్ బోలో. ఒక్క కారణం చెప్పండి, చూద్దాం."

అప్పుడు చూడాలి మా పంచాయితీని. ఒకడు జీతం అన్నాడు, ఒకడు వంటగది తాళం అన్నాడు. ఒకడు బస్సులో ఏసీ లేదన్నాడు, అప్పుడు చలికాలం. ఒక నేపాలీ తన సెలవు సంగతి ఎత్తాడు. ఒకడు అందరూ కూర్చున్నారు గనక కూర్చున్నానన్నాడు, నా లెక్కన అందరిలో నిజం చెప్పింది వాడే. తొక్కు అనే మాట మాత్రం ఎవరి నోటి నుంచీ రాలేదు. పెద్దసారు ముందు పచ్చడి కోసం పని మానామని ఎట్లా చెప్తాం? సారు బావ వైపు తిరిగాడు. "నువ్వే కదా ముందు వచ్చింది, నువ్వు చెప్పు." బావ లేచి నిలబడి, చేతులు కట్టుకుని, "మాలూమ్ నహీ సాబ్" అన్నాడు. ఆయన తప్పించుకోవడానికి అనలేదు. ఆయన ముఖం చూసినవాణ్ని, నిజంగానే తెలియదు.

మధ్యాహ్నానికి వంటగది తాళం తీశారు. జీతం త్వరలో వేస్తామన్నారు, వేశారు కూడా. తొక్కు తిరిగి ఎక్కడ వస్తుంది. అన్నం తిని డ్యూటీకి పోయాం. రాజు మారలేదు, ఎవరి తలా పోలేదు, విప్లవం భోజనాల వేళకు ముగిసింది. కొన్ని నెలల తర్వాత కాంట్రాక్టు అయిపోయినప్పుడు గంగారాం బావది మాత్రం రెన్యూ చేయలేదు. దానికి కారణం అడిగితే పని తగ్గిందన్నారు.

సమ్మె తర్వాతి శుక్రవారం రవళికి ఈ కథంతా చెప్పాం. చెప్పింది నేనే, బావ ఆఁ అన్నాడు. తన డబ్బా సంగతి చెప్పవద్దని కళ్లతో సైగ చేశాడు గానీ నా నోరు ఎప్పుడు ఆగింది కనుక.

"బాపూ, నువ్వెందుకు దిగినవ్?"

"నాకే తెల్వది బిడ్డా. కాలు ఎక్కలే, గంతే."

"మామా, గా పుస్తకంల గిదే ఉన్నది" అంది రవళి. "మూడో వరసోళ్లు మీటింగ్ పెట్టుకునే హాలుకు తాళమేషిన్రట. ఏం తోచక పక్కన ఆటలాడే జాగల పోయి కూసొని ఒట్టు పెట్టుకున్నరట. ముఖ్య కారణాలు వేరు, తక్షణ కారణం వేరు. సార్ చెప్పిండు, నాకప్పుడు తలకెక్కలే. మీ జీతం, తాళం, గవి ముఖ్య కారణాలు. నా తొక్కు తక్షణ కారణం."

"మరి తొక్కు డబ్బా లేని నేపాలోళ్లు ఎందుకు కూసున్నరే?" అన్నాను.

"గది పుస్తకంల లేదు మామా" అంది. ఈసారి నవ్వింది.

పెద్ద పరీక్షలు రాసింది. పదో తరగతికి పోయింది, ఆ తర్వాతా ఆగలేదు. ఇప్పుడు మండల ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని, నా లాంటివాళ్ల పనులు రేపు రమ్మని పంపుతుంది. వరల్డ్ కప్ వచ్చేసరికి నేనూ ఇంటికి వచ్చేశాను. టీవీలో అల్ తుమామా స్టేడియం చూపిస్తే మా ఆవిడ బంతిని చూసింది, నేను రోడ్డు అంచు రాళ్లను వెతికాను. చూపించలేదు. ఇప్పుడు ఫోన్ మాట్లాడటానికి డబ్బులు లెక్క పెట్టుకోనక్కర్లేదు, అందుకే కాబోలు ఎవరూ మాట్లాడుకోరు. ఇంట్లో ఫ్రిజ్ నిండా తొక్కులున్నాయి, పారేసేవాడు లేడు, సూట్‌కేసులో దాచుకునేవాడూ లేడు. బావ పసుపు చేను చూసుకుంటూ, అదే దువ్వెన జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు. ఆ కాలు ఎందుకు దించావు బావా అని ఎప్పుడడిగినా, చేనుకు నీళ్లు పెట్టాలని లేచిపోతాడు.

మొన్న సీసా చేతిలో పెట్టి స్కూటీ ఎక్కుతున్న రవళిని ఆపి, ఇన్నేళ్లుగా అడగాలనుకున్నది అడిగేశాను. "అవునే, ఆ ఏడు బడి మానుతా అన్నదానివి ఎందుకు మానలేదు? తక్షణ కారణం తెలిసిందనా? బాపు ఇంటికి వచ్చిండనా? నా ఒగ్గుకథ విన్నందుకా?"

రవళి హెల్మెట్ పెట్టుకుని ఆలోచించింది. "ఎనిమిది మార్కులకు చెప్పాల్నా మామా, ఒక్క మార్కుకా?"

"ఎండల నిలబడ్డవు, ఒక్క మార్కుకే చెప్పు."

"ఒక్క మార్కు జవాబు ఒకసారి రాసి చూసిన గద" అని బండి స్టార్ట్ చేసుకుని పోయింది.

మూడు దినాలు ఆగమంది. ఆ సాయంత్రమే వేడి అన్నంలో కలుపుకున్నాను. ఎందుకు ఆగలేదని మా ఆవిడ అడిగితే చాలా కారణాలు చెప్పాను. ఆమె ఒక్కటీ నమ్మలేదు.